ఊడదీసిన పేరు

ఓడ దిగిన కార్లు రేవులో వరసగా నిలబడి ఉన్నాయి. పొడుగాటి బానెట్, వెనక్కి జారిపోయే వీపు, ఒంటినిండా సముద్రపు దుమ్ము. 1970వ సంవత్సరం మొదటి రోజులు. అమెరికా పడమటి తీరం. అరవై ఏళ్ల జపాన్ పెద్దాయన ఒకరు ఆ వరస దగ్గరికొచ్చి ఆగారు. కారు రేకు మీద మెరుస్తున్న అక్షరాలు చదివారు. ‘ఫెయిర్‌లేడీ’.

ఆ పేరు పెట్టింది టోక్యోలోని నిస్సాన్ కంపెనీ అధినేత కట్సుజీ కవమతా. న్యూయార్క్‌లో ‘మై ఫెయిర్ లేడీ’ నాటకం చూసి ముచ్చటపడి, తమ స్పోర్ట్స్ కార్లకు ఆ పేరు ఖాయం చేశారని చెబుతారు. యజమాని ముచ్చటపడి పెట్టిన పేరును జపాన్ కంపెనీలో ఒక ఉద్యోగి కాదనడం ఆ రోజుల్లో ఊహకందని మాట. కానీ ఈ బండిని అమ్మాల్సింది అమెరికాలో. ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో ఉరకలేసే కారుకు ‘అందమైన దొరసాని’ అని పేరుంటే ఇక్కడి కుర్రకారు దగ్గరికి రారని ఆ పెద్దాయనకు తెలుసు.

ఆయన ఆ అక్షరాలను ఊడదీశారు. ఆ చోట మూడంకెలూ ఒక అక్షరమూ ఉన్న బిళ్ల బిగించారు. 240జడ్. ఇంజిన్ సైజు 2.4 లీటర్లు కాబట్టి 240. జడ్ అనేది కంపెనీ లోపల వాడుకలో ఉన్న గుర్తు. టోక్యోవాళ్లు వచ్చి అడిగితే, ఇది మీ సొంత గుర్తే కదా అని చెప్పుకోవడానికి వీలుంటుంది.

ఆయన పేరు యుటాకా కతయామా. అమెరికా జనం ఆయన్ను ‘మిస్టర్ కే’ అని పిలుచుకున్నారు. ఆ రోజు బిగించిన బిళ్లను, దాని చుట్టూ ఉన్న కారును, ఇరవై ఏడేళ్ల తర్వాత అదే కంపెనీ వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది. ఈ గాథ దాని గురించే.

* * *

కతయామా 1909 సెప్టెంబరులో పుట్టారు. 1935లో నిస్సాన్‌లో చేరారు. కంపెనీ పెట్టి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ప్రచార విభాగంలో పని. ఆయనకు కార్లంటే ప్రాణం. 1958లో ఆస్ట్రేలియా చుట్టూ తిరిగే మోబిల్‌గ్యాస్ ర్యాలీకి నిస్సాన్ డాట్సన్ పేరుతో చేసిన రెండు చిన్న 210 కార్లను తీసుకెళ్లారు. ఒకదాని పేరు ఫుజి, రెండోదాని పేరు సకురా. కొండ పేరొకటి, పువ్వు పేరొకటి. ఎడారి దారుల్లో వేల కిలోమీటర్లు తిరిగి ఫుజి తన తరగతిలో మొదటి స్థానంలో నిలిచింది. జపాన్ కారు విదేశంలో ఇంత కఠినమైన పోటీ గెలవడం ఆ దేశానికే పండగ.

గెలిచి వచ్చిన మనిషికి పదోన్నతి రాలేదు. కంపెనీలో యూనియన్ రాజకీయాలు ఆయనకు గిట్టలేదు, ఆయన వాళ్లకు గిట్టలేదు. 1960లో అమెరికా పంపించారు. దూరం పంపించడానికే పంపించారని డేవిడ్ హాల్‌బర్‌స్టామ్ 1986లో రాసిన ‘ది రెకనింగ్’ పుస్తకం చదివితే అర్థమవుతుంది. అప్పటి డాట్సన్లు అమెరికా చలికి స్టార్ట్ అయ్యేవి కావు, బ్రేకులు బలహీనం, హైవే ఎక్కితే ఇంజిన్ ఆయాసపడేది. కతయామా డీలర్ల గుమ్మాలెక్కి దిగారు. కొన్నవాళ్ల ఫిర్యాదులన్నీ రాసి జపాన్ పంపారు. ఇది సరిచేయండి, అది బాగుచేయండి అని పట్టువదలకుండా అడిగారు. 1965లో అమెరికా విభాగానికి అధ్యక్షుడయ్యారు.

ఆయన కోరిక ఒక్కటే, ఒక స్పోర్ట్స్ కారు. అందంగా ఉండాలి, వేగంగా పోవాలి, మామూలు జీతగాడు కొనగలగాలి, మామూలు మెకానిక్ బాగుచేయగలగాలి. జపాన్‌లో యొషిహికో మట్సువో నడిపిన డిజైన్ బృందం ఆ కోరికకు రూపమిచ్చింది. 2393 సీసీ ఇంజిన్, ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్డు, రెండు హిటాచీ కార్బురేటర్లు, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్. ధర 3,526 డాలర్లు. అంతకు దగ్గరి సరదా ఇచ్చే ఐరోపా కార్లు చాలా ఎక్కువ ధర పలుకుతున్న రోజులవి. డీలర్ల దగ్గర పేరు రాయించుకుని నెలల తరబడి ఎదురుచూశారు. 1970 నుంచి 1973 వరకు ఒక్క అమెరికాలోనే సుమారు లక్షన్నర 240జడ్‌లు అమ్ముడుపోయాయి.

ఆ కారు ఆఫ్రికాలోనూ పేరు తెచ్చుకుంది. 1971 ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీలో ఎడ్గార్ హెర్మన్ 240జడ్ మీద గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన 240జడ్ నడిపింది శేఖర్ మెహతా, ఉగాండాలో పుట్టిన భారతీయ సంతతి యువకుడు. 1972లో ఉగాండా పాలకుడు ఈది అమీన్ ఆసియావాళ్లను దేశం నుంచి తరిమేశాడు. ఆ మరుసటి ఏడాది, 1973లో, అదే రకం కారు మీద మెహతా ర్యాలీ గెలిచాడు. బురద, రాళ్లు, అడ్డమొచ్చే జంతువులు, వేల కిలోమీటర్ల దారి. అంత మొరటు పరీక్షకు తట్టుకున్న కారును, కాలిఫోర్నియాలో ఇంటి ముందు ఖాళీగా నిలబెడితే తుప్పు తినేసింది. ఇనుము కథే అంత.

కతయామాను 1977లో జపాన్ పిలిపించారు. అక్కడే ఆయన ఉద్యోగం చప్పుడు లేకుండా ముగిసింది. తర్వాత కొన్నేళ్లకు డాట్సన్ అనే పేరునే కంపెనీ తీసేసింది. ప్రపంచమంతటా నిస్సాన్ ఒక్కటే ఉండాలని 1980ల మొదట్లో నిర్ణయం. బోర్డులు మారాయి, బిళ్లలు మారాయి. జడ్ మాత్రం కొనసాగింది. ఒక్కో తరం గడిచేకొద్దీ బరువు పెరిగింది, సౌకర్యాలు పెరిగాయి, ధర పెరిగింది. 1996 నాటికి 300జడ్‌ఎక్స్ ధర 40 వేల డాలర్ల దరిదాపుల్లోకి చేరింది. యెన్ బలపడింది, ఇన్సూరెన్స్ మండిపోయింది. కొనేవాళ్లు కరువయ్యారు. ఆ ఏడాదే అమెరికాలో అమ్మకం ఆపేశారు.

ఇరవై ఆరేళ్ల తర్వాత మొదటిసారి షోరూమ్‌లో జడ్ లేదు.

* * *

అప్పుడొచ్చింది ఆ ఆలోచన. కొత్త జడ్ చేయడానికి డబ్బు లేదు, అనుమతి లేదు. పాతదాన్నే మళ్లీ కొత్తది చేస్తే?

1997లో నిస్సాన్ అమెరికా విభాగం ఒక పథకం ప్రకటించింది. పేరు వింటేజ్ జడ్. తొలి ఏళ్లలో తయారైన 240జడ్‌లను కంపెనీయే బజార్లో కొనాలి. దక్షిణ కాలిఫోర్నియాలో ఈ కార్ల మీదే చేతులు అరగదీసుకున్న నిపుణుల వర్క్‌షాపులకు పంపాలి. బోల్టు బోల్టూ విప్పి, కంపెనీ పార్టులతో, ఫ్యాక్టరీ నుంచి అప్పుడే దిగినట్టు తయారు చేయించాలి. ఎంపిక చేసిన కొద్దిమంది డీలర్ల ద్వారా ఏడాది వారంటీతో అమ్మాలి. ధర సుమారు 25 వేల డాలర్లు. లక్ష్యం 200 కార్లు.

తను అమ్మేసిన పాత కారును కంపెనీ తనే వెతికి కొనుక్కోవడం, తనే బాగుచేయించి మళ్లీ తన షోరూమ్‌లో నిలబెట్టడం ఆ రోజుల్లో దాదాపు ఎవరూ చేయని పని.

అలా వచ్చిన కారు ఎలా ఉండేదో, దాన్ని ఎలా చక్కబెట్టేవారో వివరంగా చూద్దాం. అసలు విషయం ఇక్కడే ఉంది.

షెడ్డులోకి బండి వచ్చింది. రంగు ఒకప్పుడు నారింజ. ఫ్యాక్టరీ లెక్కలో ఆ రంగు నంబరు 918. ఇప్పుడు ఎండకు వెలిసి ఇటుక పొడిలా ఉంది. పాతికేళ్లలో ముగ్గురో నలుగురో యజమానులు. ఒకాయన రేడియో కోసం డ్యాష్‌బోర్డు కోశాడు. ఇంకొకాయన వెడల్పు టైర్ల కోసం చక్రాల పైరేకు వంచాడు. మరొకాయన తుప్పు మీద లప్పం పూసి రంగు కొట్టి అమ్మేశాడు. ఇలాంటి బండి దగ్గర అనుభవమున్న మెకానిక్ ముందు బానెట్ ఎత్తి ఇంజిన్ చూడడు. బ్యాటరీ పెట్టే తట్ట కింద వేలు పెట్టి గీరతాడు. కారిన ఆమ్లం అక్కడి రేకును తినేస్తుంది, అక్కడి నుంచి తుప్పు కిందికి దిగుతుంది. తర్వాత డోరు కింది అంచు, వెనక చక్రం ముందు భాగం, డిక్కీ గుమ్మం, చివరికి సీట్ల కింద నేల. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు. ఆ రేకే దాని ఎముక. నేల తుప్పు పడితే కూర్చునే చోటు పోయినట్టే కాదు, బండి వెన్ను విరిగినట్టు.

ఇక విప్పడం. ఇక్కడే చాలామంది మొదటి తప్పు చేస్తారు. జపాన్ స్క్రూ తల మీద ప్లస్ గుర్తు ఉంటుంది. చూడ్డానికి మామూలు ఫిలిప్స్ స్క్రూలాగే ఉంటుంది. ఫిలిప్స్ స్క్రూ డ్రైవర్ పెట్టి తిప్పితే జారి, గాడి అరిగి, తల గుండ్రంగా అయిపోతుంది. అది జపాన్ ప్రమాణానికి చేసిన గాడి. దాని లోతు వేరు, మూలల వంపు వేరు. దానికి తగిన స్క్రూ డ్రైవర్ విడిగా ఉంటుంది. ఆ తేడా తెలియక పాతికేళ్లలో ఎన్ని వేల స్క్రూలు పాడైపోయాయో! స్క్రూలది వంకర కాదు, పట్టిన పనిముట్టుదే పొరపాటు.

విప్పిన ప్రతి బోల్టుకూ ఒక సంచి, సంచికి ఒక చీటీ. ఎడమ డోరు పై బందు. కుడి హెడ్‌లైటు లోపలి బ్రాకెట్. ఇలా వందల చీటీలు. తుప్పు కడిగి, పసుపు ఛాయ వచ్చేలా జింకు పూత పూయించి, అదే బోల్టును అదే రంధ్రంలోకి తిరిగి పంపాలి. హార్డ్‌వేర్ దుకాణంలో అదే కొలత బోల్టు రూపాయికో రెండు రూపాయలకో వస్తుంది కదా అని మనకనిపిస్తుంది. కానీ ఆ బోల్టు తల ఆకారం వేరు, దానికి అతికి ఉండే వాషర్ వేరు. బానెట్ ఎత్తి చూసినవాడికి అది పరాయి బోల్టని ఇట్టే తెలిసిపోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ల కౌంటరు ముందు నిలబడ్డ ఎవరికైనా మొదట ఎదురయ్యే ప్రశ్న ఇది.

“కంపెనీది ఇమ్మంటారా అన్నా, లోకల్‌ది ఇమ్మంటారా?”

“ఎంత తేడా ఉంటుంది?”

“రేటులోనా, పనిలోనా?”

ఈ మాటలు విననివాళ్లుండరు. పాత కారును నిలబెట్టేవాళ్ల ముందు ఈ ప్రశ్నకు మూడు రకాల జవాబులుంటాయి. ఒకటి, ఆ కారుకే పుట్టిన పార్టు. దాన్ని విప్పి, శుభ్రం చేసి, అరిగిన చోట సరిచేసి తిరిగి బిగించడం. రెండు, అదే కాలంలో అదే కంపెనీ చేసి, ఏ గోదాములోనో అట్టపెట్టె విప్పకుండా మిగిలిపోయిన కొత్త పార్టు. మూడు, పాత డ్రాయింగు చూసి ఇప్పుడు మళ్లీ పోతపోసిన పార్టు. ముందు మొదటిది వెతకాలి, దొరక్కపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. నా దృష్టిలో ఈ వరస తప్పితే చేసే పనికి అర్థం ఉండదు. కొత్తగా మెరిసే దాని కోసం బాగున్న పాతదాన్ని చెత్తలో వేయడం రెస్టొరేషన్ అనిపించుకోదు.

240జడ్‌కు ఒక మేలు జరిగింది. లక్షన్నర బండ్లు ఒక్క దేశంలోనే తిరిగాయి కాబట్టి పార్టులు ఎక్కువగా తయారయ్యాయి, గోదాముల్లో ఎక్కువగా మిగిలాయి. ఇంజిన్ కుటుంబం తర్వాతి మోడళ్లలోనూ కొనసాగింది కాబట్టి గ్యాస్కెట్లు, చెయిన్లు, వాల్వు పార్టులు దొరికాయి. ఏడిపించింది చిన్న వస్తువులు. రబ్బరు బీడింగు, ప్లాస్టిక్ క్లిప్పులు, డ్యాష్‌బోర్డు. ఇనుము తుప్పు పడితే అతుకు వేయొచ్చు. ఎండిపోయిన రబ్బరును ఎవరు బతికిస్తారు? డిక్కీ తలుపు చుట్టూ ఉండే బీడింగు గట్టిపడి పగిలితే, బండి పోతున్నప్పుడు వెనకాల పొగ సందులోంచి లోపలికి వచ్చేస్తుంది. ఈ కారున్న ప్రతివాళ్లకూ ఆ వాసన తెలుసు. ఆ రబ్బరు దొరికేదాకా బండి చూడ్డానికి ఎంత బాగున్నా దూర ప్రయాణానికి పనికిరాదు.

డ్యాష్‌బోర్డు సంగతి మరీ బాధాకరం. లోపల ఫోము, పైన నల్లటి వినైలు తొడుగు. కాలిఫోర్నియా ఎండకు పైభాగం పగిలిపోతుంది. నాలుగైదు గీతలు లేని పాత జడ్ డ్యాష్‌బోర్డు చూడ్డమే అరుదు. మీద ఇంకో తొడుగు అతికించి పగుళ్లు దాచడం తేలిక. ముట్టుకోగానే తెలిసిపోతుంది. ఫోము నింపి, అసలు గరుకు తేలేలా వినైలు మళ్లీ పరిచి చేయాలంటే రోజులు పడతాయి. గేరు డబ్బా మీద, వెనక సస్పెన్షన్ గూళ్ల మీద వజ్రాకారపు గళ్లతో కుట్టినట్టుండే వినైలు ఉంటుంది. ఈ కారు లోపలికి అంత అందం తెచ్చింది ఆ గళ్లే. దాన్ని మామూలు నల్ల రెక్సిన్‌తో కప్పేస్తే, కారు ఏదైనా కావొచ్చు, 240జడ్ మాత్రం కాదు.

కార్బురేటర్ల విషయంలో ఒక చిక్కుముడి ఉంది. 1970 నుంచి 72 వరకు వచ్చిన కార్లకు గుండ్రటి తలలున్న హిటాచీ కార్బురేటర్లు. పొగ నిబంధనలు బిగుసుకున్నాక 1973లో తల చదునుగా ఉండే కొత్త రకం పెట్టారు. వేడికి పెట్రోలు ఆవిరై ఇంజిన్ తడబడేది. అందుకని ఎంతోమంది యజమానులు వాటిని పీకేసి పాత రకం పెట్టుకున్నారు. ఇప్పుడు 1973 కారును రెస్టోర్ చేస్తే ఏది పెట్టాలి? ఆ ఏడాది ఫ్యాక్టరీ పెట్టిన నాసిరకమా, యజమానులు ఎంచుకున్న మంచిదా? నేనైతే నడిపే కారుకు గుండ్రటిదే పెడతాను, చదునుది విప్పి పెట్టెలో భద్రంగా దాచి కారుతో పాటే ఇస్తాను. తర్వాతి యజమాని మనసు మార్చుకుంటే వెనక్కి వెళ్లే దారి ఉండాలి.

ఇదే చిక్కు పేరు దగ్గరా వస్తుంది. 240జడ్ అనే ఆ బిళ్ల అసలు పార్టేనా? తొలి కార్లకు జపాన్ ఫ్యాక్టరీ బిగించింది ఫెయిర్‌లేడీ అక్షరాలు. వాటిని ఊడదీసి వేరేది పెట్టింది అమ్మకాల మనిషి. కచ్చితంగా మాట్లాడితే ఆ బిళ్ల మొదటి మార్పు. కానీ దాన్ని తీసేసి ఫెయిర్‌లేడీ పెడితే, ఆ కారును ఊరేగింపుగా ఇంటికి తెచ్చుకున్న లక్షన్నర మంది అది మా కారు కాదంటారు. ఫ్యాక్టరీ చేసిందే అసలు పార్టు అనడం పూర్తి నిజం కాదని నాకనిపించేది ఇక్కడే. ప్రేమతో, తెలిసి, బాధ్యతతో చేసిన మార్పు కూడా వస్తువు పుట్టుకలో భాగమే అవుతుంది. కతయామా చెయ్యి ఆ కారు మీద పడ్డ ఫ్యాక్టరీ చెయ్యి లాంటిదే.

వింటేజ్ జడ్ పనిలో ఇంకో బిళ్ల కూడా తిరిగొచ్చింది. డాట్సన్. కంపెనీ ఆ పేరును తీసేసి పుష్కరం దాటింది. ఇప్పుడు అదే కంపెనీ డబ్బుతో, అదే కంపెనీ షోరూమ్ కోసం, ఆ అక్షరాలను రేకు మీద మళ్లీ బిగించారు. అవి లేకుండా కారు పూర్తికాదు మరి.

* * *

పథకం నిలబడలేదు.

25 వేల డాలర్లు కొనేవాళ్లకు ఎక్కువ అనిపించింది. ఆ డబ్బుకు కొత్త కారే వస్తుంది. చేసేవాళ్లకు ఆ డబ్బు చాలలేదు. లప్పం గీకితే కింద ఎంత తుప్పు ఉందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఒక్కో బండికి గంటలు పెరిగాయి, ఖర్చు పెరిగింది. నిస్సాన్ ఆర్థిక పరిస్థితి రోజురోజుకూ దిగజారుతోంది. 200 అనుకున్న చోట 40 కూడా కాలేదు. 1998లో పథకం మూతపడింది.

దాన్ని విఫల వ్యాపారమనే అంటారు. లెక్కల్లో అది నిజం. కానీ ఆ 40 లోపు కార్లు జనం ముందు నిలబడ్డప్పుడు జరిగింది లెక్కలకందదు. కొత్త కార్ల పత్రికలు పాత కారు గురించి రాశాయి. నిస్సాన్ అంటే ఏమిటో మరిచిపోయిన అమెరికాకు, తమ కంపెనీ ఏమిటో మరిచిపోయిన నిస్సాన్‌కూ ఆ పొడుగాటి బానెట్ గుర్తు చేసింది. అదే కాలంలో కంపెనీ తన టీవీ ప్రకటనల్లో మిస్టర్ కే పాత్రను నటుడితో వేయించి చూపించింది. ఇరవై ఏళ్ల కిందట పక్కకు పెట్టిన మనిషే మళ్లీ కావలసి వచ్చాడు. 1998లో అమెరికాలోని ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్ కతయామాకు చోటిచ్చింది. అప్పటికి ఆయనకు 89 ఏళ్లు.

1999లో ఫ్రాన్స్ కార్ల కంపెనీ రెనో వచ్చి నిస్సాన్‌లో వాటా తీసుకుంది. రెనో పంపిన కార్లోస్ గోన్ టోక్యో చేరాడు. ఫ్యాక్టరీలు మూసే ప్రణాళికలు చదువుతూనే, జడ్ తిరిగి వస్తుందని ప్రకటించాడు. 2002లో 350జడ్ రోడ్డెక్కింది.

పాత కార్ల పని ఆగలేదు. అట్సుగిలోని నిస్సాన్ సాంకేతిక కేంద్రం ఉద్యోగులు 2006లో ఒక పునరుద్ధరణ క్లబ్బు పెట్టుకున్నారు. డ్యూటీ కాని వేళల్లో స్వచ్ఛందంగా వచ్చి కంపెనీ పాత కార్లను బాగుచేస్తారు. 2013లో వాళ్లు చేతిలోకి తీసుకున్న బండి, 1971లో హెర్మన్ సఫారీ గెలిచిన ఆ 240జడ్డే. ఆఫ్రికా దారులు తిరిగొచ్చి నాలుగు దశాబ్దాలు నిద్రపోయిన ఇంజిన్‌ను మళ్లీ లేపారు.

ఇతర జపాన్ కంపెనీలు కొన్ని కూడా ఈ దారి పట్టాయి. మజ్దా 2017 చివర్లో తొలి తరం రోడ్‌స్టర్‌ను హిరోషిమాలో తనే రెస్టోర్ చేసివ్వడం మొదలుపెట్టింది. ఆ కారుకు 1989లో వచ్చిన టైరు నమూనాను బ్రిడ్జ్‌స్టోన్ చేత మళ్లీ చేయించింది. నార్డీ కంపెనీ కర్ర స్టీరింగు చక్రం కూడా తెప్పించింది. పని చేపట్టే ముందు యజమానులతో కూర్చుని మాట్లాడి, వాళ్లకు ఆ కారుతో ఉన్న బంధమేమిటో తెలుసుకునే పద్ధతి పెట్టింది. అదే ఏడాది నిస్సాన్ ఆర్32 జీటీ-ఆర్ పార్టులను మళ్లీ తయారు చేయడం ప్రారంభించింది. 2020లో టొయోటా తన 2000జీటీకి గేరుబాక్సు పార్టులు మళ్లీ చేసింది. 2000జీటీలు మొత్తం తయారైంది మూడు వందల యాభై దరిదాపుల్లోనే. ఇంత కొద్ది బండ్ల కోసం ఒక పెద్ద కంపెనీ గేరు చక్రం కోయించడం నాకు గొప్ప మర్యాదగా తోస్తుంది. అమ్మిన వస్తువు మీద తయారీదారుకు బాధ్యత ఎన్నాళ్లుంటుంది అన్న ప్రశ్నకు, వారంటీ కాగితం మీద రాసినన్నాళ్లే కాదు అని వాళ్లు చేతలతో జవాబిచ్చారు.

2020 జనవరిలో అమెరికాలో ఒక వేలం జరిగింది. 1971 నాటి ఆకుపచ్చ 240జడ్. తిరిగింది తక్కువ, ఒంటి మీద పార్టులు చాలావరకు ఫ్యాక్టరీవే. పలికిన ధర 3 లక్షల 10 వేల డాలర్లు. 25 వేలంటేనే కొనేవాళ్లు వెనక్కి తగ్గిన మోడల్ అది. ఆ ధర అందరు యజమానులకూ రాదు, రావాలని కోరుకోవడం కూడా మంచిది కాదు. ఇలాంటి ధరలు పలికితే నడిపే కారును తాళం వేసి దాచుకుంటారు. మామూలు జీతగాడు కొనగలిగేలా చేసిన బండి అది.

మన దగ్గర డాట్సన్ అనగానే చాలామందికి డాట్సన్ గో గుర్తొస్తుంది. నిస్సాన్ ఆ పాత పేరును 2013లో మన దేశంలోనే మళ్లీ బయటికి తీసింది. చెన్నై దగ్గరి ఒరగడం ఫ్యాక్టరీలో ఆ కార్లు తయారయ్యాయి. తెలుగు ఊళ్లలో మొదటి కారుగా దాన్ని కొన్న కుటుంబాలు ఎన్నో. 2022లో ఆ పేరు మళ్లీ ఆగిపోయింది. ఈసారి ఆ పేరు ఎన్నాళ్లు నిద్రపోతుందో, ఆ బండ్ల పార్టులు ఎవరు దాస్తారో ఇప్పుడే మొదలవ్వాల్సిన ఆలోచన.

కతయామా 2015 ఫిబ్రవరి 19న కన్నుమూశారు. వయసు 105. కంపెనీ పంపించేసిన మనిషిని తలుచుకోవడానికి ఇప్పటికీ జడ్ యజమానులు తమ కార్లు తీసుకుని ఒకచోట చేరుతుంటారు.

మీ ఇంట్లో నాన్నగారి స్కూటరో, తాతగారి అంబాసిడరో ఉంటే ఒక పని చేయండి. ఈసారి మెకానిక్ పాత పార్టు విప్పి కొత్తది బిగించాక, ఆ పాతదాన్ని చెత్తలో వేయనివ్వకండి. అడిగి తీసుకోండి. కిరోసిన్‌తో తుడిచి ఒక డబ్బాలో వేసి, చీటీ మీద మూడు విషయాలు రాయండి: ఏ బండిది, ఏ పక్కది, ఏ తేదీన విప్పింది.